వీలునామాకు ముప్పై తొమ్మిది మంది సాక్షులు

సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు దాటేసరికి రఘునాథపల్లిలో రోజులకు పేర్లు పోయాయి. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. బస్సులు డిపోల్లో కునుకు తీస్తున్నాయి. భూపాలపల్లి బొగ్గు బావుల దాకా అంతా బందే కాబట్టి కరెంటు కూడా దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చి పోయేది. ఊరంతా ఒకే ఒక్క పొడవాటి ఆదివారంలో తేలుతున్నట్టుండేది.

ఆ ఆదివారంలో అందరికంటే హాయిగా తేలుతున్నవాడు కరుణాకర్. జనగామలో ఒక సర్కారు దఫ్తరులో జూనియర్ అసిస్టెంటు. పొద్దున శిబిరంలో కూర్చుని జై తెలంగాణ అనడం, మధ్యాహ్నం వసారాలో నులకమంచం మీద కలలు కనడం, ఇదీ దినచర్య. అతను సమ్మెకు ముందు కూడా ఇంట్లో సమ్మెలోనే ఉన్నాడని భార్య కౌసల్య అభిప్రాయం.

ఆ మధ్యాహ్నం కలలో కరుణాకర్ చచ్చిపోయాడు. భయమేమీ వేయలేదు. దూదిపింజలా మెల్లగా పైకి లేచి ఇంటి దూలం మీద కూర్చున్నాడు. కింద అందరూ తన మంచితనం చెప్పుకుని ఏడుస్తుంటే, బతికుండగా ఇంత మంచివాడినని ఎందుకు తెలియలేదా అని ఆశ్చర్యపోయాడు కూడా. ఇంతలో అన్న లచ్చయ్య రేకు పెట్టె తెరిచి, ఒక కాగితం తీసి, గొంతు సవరించుకుని చదివాడు. "నాకున్న, ఇకముందు నాకు రాబోయే యావదాస్తి నా తదనంతరం మా అన్న లచ్చయ్యకు చెందవలెను."

కౌసల్య ఏడుపు ఆపింది. తల ఎత్తి సరిగ్గా దూలం వైపే చూసింది.

కరుణాకర్ మంచం మీంచి కింద పడ్డాడు.

"ఏందయ్యా, మంచం గూడ నిన్ను మోయనన్నదా?" కౌసల్య లోపలి నుంచి వచ్చింది.

"కల వచ్చిందే. తెలంగాణ వచ్చినట్టు."

"తెలంగాణ వస్తే మీదికి ఎగురుతరు గని కింద పడుతరా?"

కల సంగతి ఎలా ఉన్నా కాగితం మాత్రం నిజం. పదిహేడేళ్ల కిందట, పెళ్లికి ముందు, పచ్చకామెర్లతో దవాఖానలో పడి, ఇక లేవననుకుని రాసిన వీలునామా అది. లేచాడు. పెళ్లి చేసుకున్నాడు. కూతురు స్వాతి పుట్టింది. ఇల్లు కట్టాడు, మూడెకరాలు కొన్నాడు. కాగితాన్ని మర్చిపోయాడు. లచ్చయ్య మర్చిపోడు. రైలు టికెట్టు కూడా పారేయని మనిషి కాబట్టే ఊళ్లో ఆయన్ను రికార్డు లచ్చయ్య అంటారు. తను రేపు పోతే పెళ్లాం, బిడ్డ తను కట్టిన ఇంట్లోనే పరాయివాళ్లు. ఆ ముక్క తలచుకోగానే కరుణాకర్‌కు పదిహేడేళ్ల కిందటి కామెర్లు మళ్లీ తిరగబెట్టినట్టయింది.

చల్లబడ్డాక బిక్షపతి ఇంటికి పోయాడు. బిక్షపతి ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాడు. పేజీకొక్క ఫుల్‌స్టాప్ కూడా పెట్టడు కాబట్టి కామా బిక్షపతి అని పేరు.

"పెండ్లయింది గద అన్నా, పాతది దానంతటదే పోదా?"

"పెండ్లితోని నిద్ర పోతది గని వీలునామా పోదు సారూ. కొత్తది రాయాలె. పాతది రద్దు చేసిన అని దాంట్ల సాఫ్‌గ రాయాలె. నువ్వు సంతకం పెట్టంగ ఇద్దరు సాక్షులు సూడాలె, నీ ముంగట వాళ్లు పెట్టాలె. నేనొకన్ని. ఇంకొకన్ని తెచ్చుకో."

"గా రద్దు ముక్క లేకుంట రాయరాదా? కౌసల్య సూస్తే పాతదొకటి ఉన్నదని తెలుస్తది."

"రాయొచ్చు. నువ్వు పోయినంక వాళ్లిద్దరు చెరొక కాయితం పట్టుకొని కోర్టుకు పోతరు. నీ బిడ్డ పెండ్లి గా కోర్టు వరండల చేస్తరు."

రద్దు ముక్క పడింది. ఇక రెండో సాక్షి దొరకాలి. చదవకుండా సంతకం పెట్టేవాడు కావాలి. కరుణాకర్‌కు శిబిరం గుర్తొచ్చింది. అక్కడ హాజరు పట్టీ, తీర్మానం, వినతిపత్రం, ఏ కాగితం వచ్చినా జనం సంతకం పెట్టి పక్కవాడికి అందిస్తారు. ఈ ఉపాయం తట్టినందుకు అతను తనను తానే మెచ్చుకున్నాడు.

మర్నాడు శిబిరం ముందు రోడ్డు మీద నిరసనగా వంటావార్పు. ఆడవాళ్లు రాళ్ల పొయ్యిలు పెట్టి పెద్ద గంగాళాల్లో అన్నం వండుతున్నారు. తెడ్డు కౌసల్య చేతిలో ఉంది. టెంటులో బిక్షపతి, కరుణాకర్, తండా బడి పంతులు మంగీలాల్ వరుసగా కూర్చున్నారు. కరుణాకర్ కాగితం మడిచి, కింది భాగం మాత్రం కనపడేలా పెట్టి సంతకం చేశాడు. బిక్షపతి పెట్టాడు. మంగీలాల్ కూడా పెట్టాడు.

పని అయిపోయింది. గుండె తేలికైంది. పొయ్యిల పొగ టెంటులోకి మెల్లగా పాకుతోంది. కరుణాకర్ కళ్లు మూతలు పడ్డాయి. మళ్లీ దూలం మీద కూర్చున్నాడు. ఈసారి కౌసల్య కాగితం గుండెకు హత్తుకుని, "ఎంత ముందుచూపున్న మనిషి" అంటోంది. ఆ మాట ఇంకోసారి విందామని అతను కలలోనే ఉండిపోయాడు.

ఈలోగా మంగీలాల్ శిబిరం అలవాటు ప్రకారం కాగితాన్ని పక్కకు అందించాడు.

కరుణాకర్ కళ్లు తెరిచేసరికి అది మైకు వీరస్వామి చేతిలో ఉంది. చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ మైకులో చదవడం వీరస్వామి వ్రతం.

"ముప్పై తొమ్మిది మంది సంతకాలతోని ఇయ్యాల్టి తీర్మానం. ఎవరి బలవంతం లేకుండ, పూర్తి తెలివితో…"

"జై తెలంగాణ," అన్నారు జనం.

"నా తదనంతరం నా ఇల్లు, మూడెకరాల భూమి నా భార్య కౌసల్యకు…"

"జై తెలంగాణ."

"పదిహేడేండ్ల కింద మా అన్న లచ్చయ్య పేరున నేను రాసిన వీలునామాను ఇందుమూలముగా రద్దు చేయడమైనది."

జనం ఈసారి జై తెలంగాణ మరిచి పొయ్యిల వైపు తిరిగారు.

కౌసల్య తెడ్డుతో సహా టెంటులోకి వచ్చింది.

"పదిహేడేండ్లా?"

"గప్పుడు కామెర్లు వచ్చినయే."

"కామెర్లు నెలకు పోయినయ్. కాయితమెందుకు పోలే?"

"యాది మరిచిన."

"అంటే గిన్నేండ్ల సంది నేను, నా బిడ్డ, బావ ఇంట్ల ఉన్నమన్నట్టు."

వెనక వరుసలోంచి లచ్చయ్య లేచాడు. ముఖం చిన్నబోయింది. "తమ్మీ, రద్దు చేస్తనని నాకు చెప్తే కాదంటనా? నీ ఆస్తి నాకెందుకురా. ఆ కాయితం పోతే నా ఫైలుల నంబరు తప్పుతది, గదొక్కటే బాధ."

కౌసల్య కాగితం అందుకుని పై నుంచి కింది దాకా చదివింది. "దీంట్ల స్వాతి పేరేది?"

"నీకిస్తే దానికిచ్చినట్టే గద."

"అన్నకిస్తే అందరికిచ్చినట్టే అని గప్పుడు గూడ గిట్లనే అనుకున్నవ్. నువ్వు, నేను ఒక్క బస్సుల పోయి ఒక్కపారే పోతే? పిల్ల ఎవరి దగ్గరుండాలె? భూమి సర్వే నంబరేది? బిక్షపతన్నా, కొత్త కాయితం తియ్యి. గిది అయ్యేదాక వడ్డన లేదు."

ముప్పై తొమ్మిది మంది ఆకలి మీద ఉన్నవాళ్లు ఒక్కసారిగా న్యాయవాదులయ్యారు. సర్వే నంబరు ఒకరు చెప్పారు, హద్దులు ఇంకొకరు చెప్పారు. బిక్షపతి భయంతో రెండు ఫుల్‌స్టాపులు కూడా పెట్టాడు. స్వాతి పేరు పడింది. ఇద్దరు సాక్షులు చాలన్నా వినకుండా అందరూ మళ్లీ సంతకాలు పెట్టారు. మొదటిది లచ్చయ్యది. కింద తేదీ వేసి, నకలు తనకొకటి కావాలన్నాడు.

విస్తరి ముందు కూర్చున్నాక కరుణాకర్‌కు కాస్త పౌరుషం వచ్చింది. "నీ తల్లిగారూరు గార్లల మీ అవ్వ ఇచ్చిన ఎకరం నీ పేరునే ఉన్నది గద. నువ్వెప్పుడు రాస్తవ్?"

"పోయినేడు రాసిన. బిక్షపతన్ననే రాసిండు."

బిక్షపతి పప్పులో మునిగిపోయాడు.

"నాకు చెప్పలే?"

"నీ లెక్క మడతపెట్టి దాయలే. నువ్వు అడగలే."

"ఎవరికిచ్చినవ్?"

"స్వాతికి."

"మరి నాకేం లేదా?"

"ఎందుకు లేదు. నా బర్రెను నీకే రాసిన."

"నాకు పాలు పిండరాదు గదనే."

"గదే నా పరేషాన్. నువ్వు నేర్చుకునేదాక నేను నిమ్మలంగ సావను గూడ సావలేను. రేపు పొద్దుగాలనే మొదలుపెట్టు."

మర్నాడు తెల్లవారుతుండగా కరుణాకర్ చెంబు పట్టుకుని కొట్టంలో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. మంచు పొరలో ఊరు ఇంకా నిద్రలోనే ఉంది. మెత్తగా, వెచ్చగా ఒక కల వచ్చి రెప్పల మీద వాలబోయింది. తోక వచ్చి చెంప మీద పడింది.

జిల్లా అంతా సమ్మెలో ఉంది. బర్రెకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.