నిమ్మపూత మీద ప్రజాభిప్రాయం

మొక్క పెరగడానికి మట్టి, నీరు, ఎండ చాలని మానవజాతి చాలాకాలం పొరబడింది. నాలుగోది కూడా కావాలని, అది ప్రేక్షకుల అభిప్రాయమని మా టీవీ ఛానెల్ వారు ఈమధ్య కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోకుండా ప్రేక్షకాభిప్రాయ సమన్వయ విభాగమని ఒకటి తెరిచి, దానికి ఒక అధికారిని, ఆయనకి ఒక ఏసీ గదిని, ఆ గదికి ఒక ప్లాస్టిక్ మొక్కని ఏర్పాటు చేశారు. (అసలు మొక్కే పెడదామనుకున్నారట. ఏ మొక్క పెట్టాలన్న దాని మీద ఏకాభిప్రాయం కుదరలేదు.)

ఇదంతా ఆదివారం పొద్దున వచ్చే తోటపని కార్యక్రమం కోసం. దాన్ని నడిపే ఆయన్ని జనం మొక్కల మావయ్య అంటారు. పెద్ద మీసం, మోకాళ్ళదాకా మట్టి, మాటకీ మాటకీ మధ్య ఒక దగ్గు. ఏళ్ళ తరబడి ఆయన మొక్క నాటేవాడు, మనం చూసేవాళ్ళం, మన మొక్క చచ్చిపోయేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అలాంటిది, మంచి తోటపని కార్యక్రమం ఎలా ఉండాలో మీరే చెప్పండని ప్రేక్షకుల్ని అడిగారు. అడగడమే తరువాయి, అందరూ చెప్పేశారు.

విభాగం నియమావళిలో మొదటి నియమం, ఏ అభిప్రాయాన్నీ తోసిపుచ్చరాదు. రెండోది, ఒకదానికొకటి పొసగని అభిప్రాయాలు వస్తే రెండింటినీ అమలు చేయాలి. మావయ్య మరీ నెమ్మదిగా మాట్లాడుతున్నాడని కొందరు, మరీ గబగబా మాట్లాడుతున్నాడని కొందరు అన్నారు. అందుకని ఆయన మొదటి పావుగంట ఎరువు గురించి ఊపిరాడకుండా చెప్పి, రెండో పావుగంట అదే ఎరువు గురించి సాగదీయడం మొదలుపెట్టాడు. మీసం బాగుందని సగంమంది, బాగాలేదని సగంమంది అన్నందువల్ల వారం విడిచి వారం మీసం ఉండాలని ఉత్తర్వు వచ్చింది. (ఉండే వారం పెట్టుడు మీసం.) మట్టి చూస్తే ఒళ్ళు జలదరిస్తోందని ఒకావిడ అంటే, మట్టిని కడిగి ఆరబెట్టి వాడారు. ఆకు తింటుండగా పట్టి చూపించడం వల్ల పురుగుల పరువు పోతోందని ఒక వకీలు గారు అంటే, పురుగు మొహం కనిపించకుండా మసక చేశారు. నీళ్ళు పోసే చప్పుడు వింటే మధ్యలో లేచి వెళ్ళాల్సి వస్తోందని ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు మొరపెట్టుకుంటే, నీళ్ళు పోసేటప్పుడు వయొలిన్ వినిపించారు. విత్తనం వేశాక మొక్క రావడానికి వారాలు పడుతోందని, ఈ రోజుల్లో ఇంత ఆలస్యం ఎవరూ సహించరని వచ్చిన అభిప్రాయానికి అందరికంటే ఎక్కువ మద్దతు దొరికింది. అప్పట్నుంచి ప్రకటనలకి ముందు విత్తనం, ప్రకటనల తర్వాత పండు.

సరిగ్గా ఈ సంస్కరణల మధ్యలోనే మా పిన్ని నిమ్మమొక్క పూతకొచ్చింది.

పిన్నిది మా ఎదురు వాటా, మూడో అంతస్తు. ఆ బాల్కనీ కుండీలోని నిమ్మమొక్క అన్నేళ్ళలో ఆకులు తప్ప ఇంకేమీ ఇచ్చిన పాపాన పోలేదు. పూత చూసేసరికి పిన్ని సంబరం పట్టలేక మేడంతా చాటింది. మొదటి కాయ నీకేనని కింది వాటా ఆవిడకి మాట కూడా ఇచ్చేసింది. ఆ మర్నాటి నుంచే పూత రాలడం మొదలైంది. పొద్దున్నే బాల్కనీలో చతికిలబడి రాలిన పూలు ఏరుకుంటున్న పిన్నిని చూస్తే నాకు నిజంగా జాలేసేది.

"కాయ కాకపోతే పోయిందిరా, మాటిచ్చాను కదా" అనేది.

చివరికి ఛానెల్‌కి ఫోన్ చేసింది. అభిప్రాయానికి ఒకటి, గట్టి అభిప్రాయానికి రెండు నొక్కమంది ఫోను. పిన్ని రెండు నొక్కింది. అధికారి స్వయంగా పలికాడు.

"నిమ్మపూత రాలిపోతోందండీ. ఎందుకో మావయ్య గారిని అడిగి చెప్తారా?"

"ఇది ప్రశ్న కదమ్మా."

"అవునండీ."

"మేం అభిప్రాయాలే తీసుకుంటామమ్మా. ప్రశ్నల విభాగం ఎత్తేశారు. దాని మీద ఎవరికీ మంచి అభిప్రాయం ఉండేది కాదు."

పక్కనే పేపరు చదువుకుంటున్న బాబాయి తలెత్తకుండానే దారి చూపించాడు. "పూత రాలకుండా ఏం చెయ్యాలో చెప్తే కార్యక్రమం బాగుంటుందని నా అభిప్రాయం, అను."

పిన్ని అలాగే అంది. అధికారి చాలా సంతోషించి, అందులో 'కార్యక్రమం బాగుంటుంది' అన్నంతవరకు నమోదు చేసుకున్నాడు. ఆ ఆదివారం అది టీవీ తెర అడుగున అక్షరాలా పరుగులు తీసింది. మేడలో వాళ్ళంతా వచ్చి పిన్నిని అభినందించి వెళ్ళారు. కుండీలో మరికొన్ని పూలు రాలాయి.

వారం వారం ఇలా గట్టి అభిప్రాయాలు చెప్పిన పుణ్యానికి పిన్నిని ఉత్తమ ప్రేక్షకుల సలహా సంఘంలో వేశారు. సమావేశానికి రమ్మని కబురొచ్చేసరికి మొక్కకి ఒకే ఒక్క గుత్తి మిగిలింది. పిన్ని రాలిన పూలూ, రెండు ఆకులూ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, తోడుకి నన్ను లాక్కుని బయల్దేరింది. ఎలాగైనా మావయ్యని పట్టుకుని అడిగెయ్యాలని పట్టుదల.

ఆ రోజు చర్చ, తోటపని కార్యక్రమంలో మొక్కలు మరీ ఎక్కువైపోతున్నాయన్న అభిప్రాయం మీద. వంటల కార్యక్రమంలో గరిటెలు ఎక్కువయ్యాయని ఎవరైనా అన్నారా అని ఒకాయన అడిగాడు. అందుకే నేను వంటలు చూడడం మానేశాను అన్నాడు ఇంకొకాయన. మధ్యేమార్గంగా, మొక్కల్ని ఉంచి, దూరం నుంచి చూపించాలని తీర్మానించారు. పిన్ని చెయ్యెత్తడం, "ప్రశ్నా, అభిప్రాయమా?" అని అధికారి అడగడం, పిన్ని చెయ్యి దించెయ్యడం, ఇలాగే గడిచింది సమావేశమంతా. నాకు ఒళ్ళు మండింది. (బిస్కెట్లు బాగున్నాయి కాబట్టి ఊరుకున్నాను.)

బయటికొస్తుంటే నడవాలో మావయ్య ఎదురయ్యాడు. మీసం లేని వారం కావడంతో ముందు పోల్చుకోలేదు, దగ్గు విని పోల్చుకున్నాం. పిన్ని చటుక్కున డబ్బా మూత తీసింది. ఆయన వంగి చూసి నోరు తెరిచాడు. వెనకే వస్తున్న అధికారి అడ్డం పడ్డాడు.

"మావయ్య గారూ, మీరు ప్రేక్షకులకి నేరుగా సమాధానం చెప్పకూడదు. వాళ్ళ అభిప్రాయం మారిపోయే ప్రమాదం ఉంది."

"పోనీ, అడగొచ్చా?" అన్నాడు మావయ్య.

అధికారి నియమావళి మనసులోనే తిరగేసి, అడగడం మీద నిషేధమేదీ కనబడక తలూపాడు.

"కుండీ ఎండలో పెట్టారా అమ్మా, నీడలోనా?"

"రెండూనండీ. ఎండలో ఉండాలని కింది వాటా ఆవిడ అంటే అటు జరుపుతాం. నీడలో ఉండాలని పైవాటా లెక్చరరు గారు అంటే ఇటు జరుపుతాం."

"నీళ్ళెవరు పోస్తారు?"

"పొద్దున నేను, సాయంత్రం మా ఆయన. మేం మర్చిపోయుంటామేమోనని మధ్యాహ్నం కింది వాటా ఆవిడ. టీపొడి వెయ్యమని లెక్చరరు గారు, కూరలు కడిగిన నీళ్ళు పొయ్యమని ఆవిడ. ఎవరి మాటా తీసెయ్యలేదండీ. అందరూ మన మంచికే కదా చెప్తారు."

మావయ్య నున్నటి పై పెదవిని వేలితో రాసుకున్నాడు.

"ఇంతమంది చెప్పినట్టు వింటే బతుకుతుందా అమ్మా?" అన్నాడు.

ఆ మాట నిమ్మమొక్క ఒక్కదాని గురించే అన్నట్టు నాకు తోచలేదు. ఆయన గొంతులో అంత దిగులుంది. అది ప్రశ్నే కాబట్టి నియమాలకి లోబడే ఉందని అధికారి ధ్రువీకరించాడు.

మొక్కల్ని దూరం నుంచి చూపించడం ప్రేక్షకులకి తెగ నచ్చింది. ఇంకొంచెం దూరమైతే ఇంకా బాగుంటుందన్నారు. ఇప్పుడా అరగంటా ఒక కొండ, కొంత ఆకాశం కనిపిస్తున్నాయి. మావయ్య ఆ చుట్టుపక్కలే ఎక్కడో ఉన్నాడని ఛానెల్ వారు హామీ ఇస్తున్నారు. ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి.

పిన్ని మాత్రం ఇంటికి రాగానే నీళ్ళ చెంబు బీరువాలో పెట్టి తాళం వేసింది. కుండీని పడగ్గదిలో కిటికీ దగ్గర, ఎండ తగిలే, ఎవరి కంటా పడని మూలకి ఈడ్చింది. మట్టి పొడిబారితే తప్ప చుక్క పోయలేదు. బాబాయిని దగ్గరికి రానివ్వలేదు. కొన్ని వారాలకి ఆ చివరి గుత్తిలో ఒక్కటి నిలబడింది, బఠాణీ అంత కాయ. పిన్ని నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది. ఇద్దరం వంగి చాలాసేపు చూశాం. నాకు ఎందుకో కళ్ళు చెమర్చాయి.

అప్పుడే, కొన్ని వారాలు పుట్టింట్లో ఉండి వచ్చిన కింది వాటా ఆవిడ బెల్లు కొట్టింది. చేతిలో గ్లాసుడు కూరలు కడిగిన నీళ్ళు, వెనకాల లెక్చరరు గారు.

"మొక్కేది వదినా, బాల్కనీలో కనబడదే?"

"చచ్చిపోయింది వదినా" అంది పిన్ని, తొణక్కుండా.

ఆవిడ అయ్యో అని నొచ్చుకుంది. ఎందుకు చచ్చిపోయిందో ఆవిడా, లెక్చరరు గారూ చెరొక అభిప్రాయం చెప్పి ఆవిడ కిందికీ, ఆయన పైకీ వెళ్ళారు. పండాక కాయ ఆవిడకే ఇస్తానని పిన్ని నాతో ఒట్టేసి చెప్పింది, ఈలోగా ఎవరితోనూ అనొద్దని చెప్పింది.

పిన్ని అబద్ధమాడగా నేను చూడడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ వేసిన ఎరువులన్నిటిలోకీ ఆ మొక్కకి బాగా పట్టింది అదే.