రెక్కకు పది బస్తాలు

ఆదివారం పొద్దున్నే పరీక్ష ముగించి, భోజనం వేళకు ఇంటికి చేరాలనుకున్నాడు వెంకటనారాయణ. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో నానక్‌రామ్‌గూడలోని కిరాయి షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం కట్టుకుంటున్నాడాయన. తోక పూర్తయింది. రెక్కలు ప్లైవుడ్‌తో చేయాలా, ఫైబర్‌తో చేయాలా తేలక మూడు నెలలుగా పని ఆగిపోయింది.

అందుకే రెండింటితోనూ ఆరడుగుల రెక్క ముక్కలు తయారుచేసి, షెడ్డు ముందు మోకాలెత్తు దిమ్మెల మీద పెట్టాడు. వాటిమీద బరువు వేసి చూడాలి. ఇసుక దొరకలేదు, ఆ ఏడాది చుట్టుపక్కల ఇసుకంతా అద్దాల మేడలకే పోతోంది. తెలిసిన వ్యాపారిని బతిమాలి, సాయంత్రం తిరిగి ఇచ్చేలా బియ్యం బస్తాలు తెచ్చాడు.

"ఫైబర్ గెలిస్తే నా ఉలికి పనేముంటది సార్?" అన్నాడు వడ్రంగి ఎల్లేశం, ప్లైవుడ్ మీద పదో బస్తా పెడుతూ.

"ఏది ఆగితే అదే ఎల్లేశం. నాకు పక్షపాతం లేదు."

పక్కింటి రాజమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "గీ బియ్యమేంది సారూ?"

"పరీక్షకమ్మా. ఒక్కొక్కటి ఇరవై అయిదు కిలోలు. ముందు ప్లైవుడ్, తర్వాత ఫైబర్."

రాజమ్మకు 'ఒక్కొక్కరికి' అని వినిపించింది. మిగతాది అర్థం కాలేదు గానీ, రేషన్ విషయంలో అర్థం కానివి ఆమెకు కొత్త కాదు.

అరగంటలో షెడ్డు ముందు రెండు లైన్లు తయారయ్యాయి.

"సారూ, తెల్లకార్డు ప్లైవుడ్‌లనా, ఫైబర్‌లనా?" అని అడిగాడు ముందున్నాయన.

"కార్డులతో పని లేదండీ" అన్నాడు వెంకటనారాయణ అయోమయంగా.

కార్డు లేకున్నా ఇస్తున్నారన్న మాట ఊళ్లోకి పాకి లైన్లు రెట్టింపయ్యాయి. ఆయన చెయ్యి ఆకాశంవైపు చూపిస్తూ, ఇదంతా పైకి వెళ్లడానికని వివరించాడు. లైను చివరికి అది 'పైనుంచి ఆర్డరు' అయి చేరింది.

ఎండెక్కింది. నిలబడలేని పెద్దవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బస్తాల మీద కూర్చున్నారు.

"జర దిగు పెద్దమ్మా, ఇరుగుతది" అన్నాడు ఎల్లేశం.

"దిగితే నా వంతు పోతది బిడ్డా."

ఎనిమిదో మనిషి కూర్చోగానే రెక్క ఫెళ్లుమని, వాళ్లందరినీ బస్తాలతో సహా నేలమీద దించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ నిశ్శబ్దంలో వెంకటనారాయణ చెప్పిన విమానం సంగతి తొలిసారి అందరికీ వినబడింది. రాజమ్మను నాలుగు మాటలని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

ఎల్లేశం పనిముట్లు సంచీలో వేసుకున్నాడు. "ఇరిగింది సార్. ఇగ ఫైబరే చేస్కోండి."

వెంకటనారాయణ కాగితం మీద లెక్క వేస్తున్నాడు. "పది బస్తాలు, ఎనిమిది మంది. ఆరువందల కిలోలు దాటిందయ్యా. మనకు కావలసింది రెండువందల యాభై. ప్లైవుడ్డే ఖాయం."

"మరి ఫైబర్ సంగతి?"

"దానికి మళ్లీ ఇంతమందిని ఎక్కడినుంచి తేను?"

పని దక్కినందుకు సంతోషించాలో, సారుకు ఎండదెబ్బ తగిలిందేమోనని భయపడాలో ఎల్లేశానికి తెలియలేదు. "నేనైతే గా ఇమానం ఎక్క సార్" అని మాత్రం ముందే చెప్పి, సంచీ కింద పెట్టాడు.

వారం తర్వాత మండలాఫీసు నుంచి కాగితం వచ్చింది: రేషన్ దుకాణం ఆదివారాలు మాత్రమే ఎందుకు తెరుస్తున్నారో సంజాయిషీ ఇవ్వవలసిందని.