గోడ దాటిన బూరెలు

జగ్గయ్యపేటలో ఫొటో స్టూడియో నడిపే చంద్రమౌళి ఆ ఉదయం అనుకున్నది చాలా మామూలు పని. నందిగామ వెళ్లాలి. భవానీప్రసాద్ గారి అమ్మాయి యశస్విని నిశ్చితార్థానికి ఫొటోలు తీయాలి. తీసిన ఫొటో తీసినట్టే వేదిక మీది పెద్ద తెర మీద కనిపించేలా చేసి, జనం చేత ఔరా అనిపించుకోవాలి.

ఈ చివరి కోరిక కోసమే బెజవాడ వెళ్లి కొత్తరకం మెమరీ కార్డు తెచ్చుకున్నాడు. చూడటానికి గోరంత ఉంటుంది, మామూలు కార్డులాగే. కాని దాన్ని కెమెరాలో పెట్టి ఫొటో తీస్తే, తీగ లేకుండా, కార్డు బయటికి తీసే పని లేకుండా, ఆ ఫొటో గాలిలోంచి వెళ్లి లాప్‌టాప్‌లో దిగుతుంది. చీకటిగదిలో ఎర్రదీపం కింద, మందునీళ్ల ట్రేలోని తెల్లకాగితం మీద మనిషి ముఖం మెల్లగా తేలిరావడం చూసి చిన్నతనంలో నోరు తెరిచినవాడు చంద్రమౌళి. మళ్లీ అంత ఆశ్చర్యం ఈ కార్డుతోనే కలిగింది. స్టూడియో మెట్ల మీద నిలబడి ఎదురుగా ఉన్న సైకిల్ షాపును తీసి, లోపలికి పరుగెత్తి చూసుకునేవాడు. ప్రతిసారీ అతనికంటే ముందే ఫొటో వచ్చి కూర్చుని ఉండేది.

"గోడలు అడ్డమొస్తే మాత్రం అందదండీ," అని కార్డు అమ్మినతను చెప్పాడు. చంద్రమౌళి ఆ మాటను వేదవాక్కుగా తీసుకున్నాడు.

చిల్లకల్లు దాటి, ఎండ ఎక్కకముందే నందిగామ కల్యాణమండపం చేరాడు. వేదిక వెనక గోడకు పెద్ద తెర. తెర కింద, గోడకు ఆనించి వేసిన బల్ల మీద లాప్‌టాప్ పెట్టాడు. ఆ గోడకు అవతల భోజనాల హాలు.

మొదటి వరసలో కూర్చున్న భవానీప్రసాద్ గారి తల్లి రత్తమ్మను మొదట తీశాడు. క్షణంలో ఆవిడ ముఖం తెరంతా నిండింది. ముక్కుపుడక కొబ్బరికాయంత కనిపించింది. హాలంతా "ఆఁ" అంది. రత్తమ్మ కెమెరాను చూసింది, తెరను చూసింది, మళ్లీ కెమెరాను చూసింది.

"అబ్బాయ్, తీగ ఏదయ్యా?"

"తీగ ఉండదండీ. గాల్లోనే వెళ్తుంది."

"నా మొహం గాల్లో పోతా ఉంటే నాకు తెలీలేదేందయ్యా!" అని ఆవిడ చెంపలు తడుముకుంది.

పెళ్లికొడుకు నవీన్‌బాబు వాళ్లది రెడ్డిగూడెం. తండ్రి వరప్రసాదరావుకు మామిడితోటలున్నాయి, షుగరుంది. "షుగరొచ్చినకాడ్నుంచీ తీపి ముట్టనండీ," అని ఆయన వచ్చిన దగ్గర్నుంచీ కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. ఆ మాట ఆయన చేత చెప్పించింది పక్కనే నిలబడ్డ భార్య రాజ్యశ్రీ.

పురోహితుడు లగ్నపత్రిక చదవడం మొదలుపెట్టాడు. ఉంగరాలు మార్చుకోవడానికి ఇంకా సమయం ఉంది. ఆ సందులో వంటల కాంట్రాక్టరు వచ్చి చంద్రమౌళి చెవిలో, "మా ఐటమ్స్ నాలుగు తీసి పెట్టండి సార్, జనం కూర్చుంటే ఇంకేం మిగలదు," అని బతిమాలాడు. గోడ అవతలికి వెళ్తే తెర ఆగిపోతుందని చంద్రమౌళికి ధీమా. అందుకే లాప్‌టాప్ ఆపకుండానే వెళ్లిపోయాడు.

భోజనాల హాల్లో నిగనిగలాడే పూర్ణం బూరెలు గుట్టగా ఉన్నాయి. చంద్రమౌళి వంగి, బూరెల మీదే చూపు నిలిపి, ఒక ఫొటో తీశాడు. గోడ కార్డును ఆపలేదు. లాప్‌టాప్ ఆ గోడకే ఆనుకుని ఉండటంతో అసలు దూరమే లేకుండా పోయింది.

తెర మీద బూరెల గుట్ట బంగారు కొండలా వెలిగింది. కొండ వెనక, ఫోనొచ్చిందని లేచివెళ్లిన వరప్రసాదరావు కనిపించాడు. నోట్లో ఒక బూరె, చేతిలో ఒక బూరె. ఆ చేతిలోదానికి గుంట చేసి నెయ్యి కూడా పోశారు.

రాజ్యశ్రీ ఒక్క ఉదుటున లేచింది. కొంగు దోపుకుని పక్క తలుపులోంచి వెళ్లిపోయింది.

వేదిక మీద భవానీప్రసాద్ తెరకు వీపు పెట్టి కూర్చున్నాడు కాబట్టి ఆయనకు ఫొటో కనిపించలేదు. కనిపించిందల్లా, లగ్నపత్రిక మధ్యలో వియ్యపురాలు కోపంగా లేచిపోవడమే. ఆయన ముందు వరస వైపు వంగాడు.

"ఏమైంది? చెల్లెమ్మగారు ఎందుకు లేచారు?"

"బూరెలండీ," అన్నారు ముందు వరసలోనివాళ్లు, తెర మీంచి చూపు తిప్పకుండా.

బూరెలు పాడైపోయాయని భవానీప్రసాద్‌కు అర్థమైంది. పంచె ఎగ్గట్టి ఆయనా పరుగెత్తాడు.

అక్కడ రాజ్యశ్రీ భర్త చేతిలోని ప్లేటు లాక్కుంటోంది. ఆయన రెండు చేతులూ జోడించి, "అరిచి అల్లరి చెయ్యబాకే, వియ్యాలవారి ఊరు," అంటున్నాడు. ఇలాంటి సహజమైన ఘట్టం మళ్లీ దొరకదని చంద్రమౌళి తీశాడు. తెర మీద మాట వినపడదు కదా. మగపెళ్లివారి పెద్దాయన చేతులు జోడించి ప్రాధేయపడుతున్నట్టు మాత్రం కనిపించింది. ఆ వెంటనే, భవానీప్రసాద్ కాంట్రాక్టరు చొక్కా పట్టుకున్న ఫొటో వచ్చింది.

"సంబంధం తప్పిపోయిందంట!" అని వెనక వరసలో ఎవరో అన్నారు. ఆ మాట ముందు వరసకు వచ్చేసరికి "కొట్టుకుంటన్నారంట!" అయింది. రెడ్డిగూడెం వాళ్లు లేచారు. వాళ్లు లేచారని నందిగామ వాళ్లు లేచారు. ఆపడానికి వెళ్లిన ప్రతివాడూ తలుపు దాటగానే చంద్రమౌళి కెమెరాకు చిక్కి, మరుక్షణం తెర మీద పోట్లాటకు వచ్చినవాడిలా ప్రత్యక్షమయ్యాడు. అది చూసి మిగిలినవాళ్లు పరుగెత్తారు. గోడ అవతలి నుంచి "ఓ" అని కేకలు వినిపిస్తుంటే చంద్రమౌళి విస్తుపోయాడు. లగ్నపత్రికకు ఇంత ఆదరణ అతను ఏ పెళ్లిలోనూ చూడలేదు.

మండపం ఖాళీ అయింది. పురోహితుడు, యశస్విని, నవీన్‌బాబు, రత్తమ్మ మిగిలారు. రత్తమ్మ లేచి, తెర పక్కన గోడను అరచేత్తో తడిమింది. ఎక్కడా చిల్లు లేదు.

"ఇంత గోడలోంచి మనుషులు ఎట్టా దూరి వస్తన్నారే?" అంది గుసగుసగా, గుళ్లో మాట్లాడినట్టు.

వెనక్కి తిరిగి తెర చూస్తున్న యశస్వినికి ఆ వింత పట్టలేదు. తండ్రి ఒకరి చొక్కా పట్టుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "మనదంతా అయిపోయినట్టేనా అండీ?" అంది.

"ముహూర్తం దాటిపోతోంది నాయనా," అన్నాడు పురోహితుడు, తనకు చేతనైన ఒకే మాట.

అవతల భవానీప్రసాద్ ఒక బూరె తుంచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. అర్థంకాక వియ్యపురాలి వైపు తిరిగాడు.

"చెల్లెమ్మగారూ, బానే ఉన్నాయి కదండీ? ఏం లోటొచ్చిందమ్మా?"

"బాగున్నాయి కాబట్టే కదండీ అన్నయ్యగారూ ఈ గొడవంతా!" అంది రాజ్యశ్రీ. "బాగోకపోతే ఈయన ఇన్ని తింటారా?"

వరప్రసాదరావు మూతికున్న నెయ్యి తుడుచుకుంటూ, "రెండే తిన్నానే," అన్నాడు దీనంగా. అంతే, అంతమందీ పగలబడి నవ్వారు. భవానీప్రసాద్ నవ్వాపుకోలేక కాంట్రాక్టరు భుజం మీద వాలిపోయాడు. చంద్రమౌళి వేలు తనంత తానే నొక్కింది.

మండపంలో తెర మీద రెండూళ్ల జనం నోరారా నవ్వుతూ వెలిగారు. ఆ వెలుగు ఖాళీ కుర్చీల మీదా, యశస్విని తడి చెంపల మీదా పడింది. ఆమె తండ్రి నవ్వు, నవీన్‌బాబు తల్లి నవ్వు ఒకే చోట ఉన్నాయి. ఆ నవ్వు ఏ దారిన వచ్చిందో వాళ్లకు తెలియదు.

"నవ్వుతున్నారు కదా," అన్నాడు నవీన్‌బాబు మెల్లగా. "ఇంక తొడగనా?"

యశస్విని వేలు చాపింది. పురోహితుడు మంత్రం చదివాడు. రత్తమ్మ గోడ మీంచి చెయ్యి తీసి అక్షింతలు చల్లింది.

"అసలు మీరంతా ఇక్కడికెందుకొచ్చారండీ?" అని అప్పుడు అడిగాడు భోజనాల హాల్లో చంద్రమౌళి. వాళ్లు తెర సంగతి చెప్పగానే కెమెరా గుండెకు హత్తుకుని పరుగెత్తాడు. వెనకే అందరూ వచ్చారు. అప్పటికే ఉంగరాలు వేళ్లకున్నాయి.

"అయ్యో! ఇంకొక్కసారి తొడగండి బాబూ, ఫొటో కోసం," అని చంద్రమౌళి ఏడుపు గొంతుతో అడిగాడు. ఇన్నేళ్ల వృత్తిలో ఉంగరాల ఫొటో అతను ఎప్పుడూ చేజార్చుకోలేదు.

"ఒకసారి తొడిగింది తియ్యకూడదయ్యా," అంది రత్తమ్మ. "అయినా నేను చూసా కదా."

తిట్లు తప్పవని చంద్రమౌళి తల వంచుకున్నాడు. కాని భవానీప్రసాద్, వరప్రసాదరావు చెరోవైపు వచ్చి, భోజనాల హాల్లో నవ్వుల ఫొటో తమకు పెద్దది కట్టించి ఇమ్మన్నారు. ఇప్పుడు రెండిళ్లలోనూ నిశ్చితార్థం ఫొటో అని గోడకున్నది అదే. అందులో రెండూళ్ల జనమూ ఉన్నారు, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ మాత్రం లేరు.