పెళ్లి కాస్త ఆగాలి, బ్రౌజర్ ఎంచుకుంటున్నారు

ఐరోపా పౌరుడు ఇకమీదట తన బ్రౌజర్‌ను తానే ఎంచుకుంటాడని, తన ఖాతాలో దేన్ని దేనితో కలపాలో తానే చెబుతాడని బ్రస్సెల్స్‌లో పెద్దలు తీర్మానించారు. జర్మనీ ఉత్తరపు ఒడ్డున ఉన్న నార్డర్‌వీక్ పురపాలక కార్యాలయంలో అప్పటికి అలాంటివి ఎంచుకునే అలవాటున్న పౌరుడు ఒక్కడే. అతని పేరు ఓనో బేరెండ్స్, కంప్యూటర్ల నిర్వాహకుడు.

మిగతా సిబ్బందికి ఏ బ్రౌజర్ తెరుచుకోవాలో, తెరుచుకోగానే ఏ పేజీ రావాలో, అక్షరాలు ఎంత లావుండాలో ఏళ్ల తరబడి ఓనోయే చూసుకునేవాడు. ఎవరూ నొచ్చుకోలేదు. (తన తెరమీద సముద్రపు పక్షి బొమ్మ కావాలని ఒకావిడ అడిగింది. ఆవిడ పదవీ విరమణ చేసేదాకా ఆ కోరిక పరిశీలనలోనే ఉంది.)

చట్టం రాగానే ఉద్యోగుల సంఘం అధ్యక్షురాలు గేషె టామెన్ గారు దాన్ని మనసారా ఆహ్వానించి, కొన్ని నిబంధనలు జోడించారు. ఎంపిక స్వేచ్ఛగా జరగాలి. నిర్వాహకుడు సలహా ఇవ్వరాదు, ఎవరి తరఫునా తాను నొక్కరాదు. ఉద్యోగి ఎంచుకునే సమయంలో ఎవరైనా అదే గదిలో ఉంటే, సలహా అడిగించుకోకుండా గోడవైపు తిరిగి నిలబడాలి. (పెళ్లికి వచ్చినవారికి మినహాయింపు ఉంది, నిర్వాహకుడికి మాత్రం ఎక్కడా లేదు. కనుబొమ్మలు ఎగరేస్తే అది సలహా కిందికే వస్తుంది.) ఎంపిక పూర్తయ్యేదాకా ఆ కంప్యూటర్‌లో మరే పనీ సాగదు. ఈ చివరిది ఓనో స్వయంగా చేర్చింది. లేకపోతే జనం ఎంచుకోకుండా తప్పించుకుంటారని అతని అనుమానం.

ఆ శుక్రవారం ఓనో కూతురు ఇమ్కె పెళ్లి. వరుడు కేనో సముద్రం మధ్యలో గాలిమరలు బాగుచేస్తాడు. మధ్యాహ్నం ఆటుకు సముద్రపు నీళ్లు వెనక్కి తగ్గేలోగా అతని పడవ కదలాలి. కదిలితే మళ్లీ నెలకు గానీ రాడు. ఇమ్కెకు ఎనిమిదో నెల. బిడ్డకంటే ముందు పెళ్లి జరగాలని ఆమె పట్టుబట్టింది.

వివాహాల నమోదు అధికారి వీబ్కె హార్మ్స్ గారు వధూవరులను కూర్చోబెట్టి, టీ పోసి, కంప్యూటర్‌లో రిజిస్టరు తెరవబోయారు. తెరమీద పన్నెండు బ్రౌజర్లు వరుసగా ప్రత్యక్షమయ్యాయి.

"పెళ్లికి ఒక్క నిమిషం. ముందు నేను ఎంచుకోవాలట," అన్నారు వీబ్కె గారు కళ్లజోడు సర్దుకుంటూ.

కొత్త సూటులో ఉన్న ఓనో లేచి గోడవైపు తిరిగాడు.

"ఏదో ఒకటి నొక్కేయండి, వీబ్కె గారూ," అన్నాడు కేనో.

"ఏదో ఒకటా? ఇమ్కెని నువ్వు అలాగే ఎంచుకున్నావా ఏంటి? నాకు హక్కిచ్చారు బాబూ, చదివే ఎంచుకుంటా. ఇదిగో, రెండోది. మాటలు బాగానే చెబుతోంది గానీ బొమ్మే నచ్చలేదు."

ఆ ప్రాంతంలో ఖాళీ కప్పులో చెంచా పెడితేనే టీ చాలని అర్థం. అంతదాకా పోస్తూనే ఉంటారు. వీబ్కె గారు పోస్తూ, చదువుతూ ఐదోదాని దాకా వచ్చారు.

ఇమ్కె గోడ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది. "నాన్నా, నీ ఫోన్లోంచి నువ్వే నొక్కేయొచ్చుగా?"

"నొక్కొచ్చు. నొక్కకూడదు."

"చిన్నప్పుడు నా ఫోన్ నన్నడక్కుండానే ఆపేసేవాడివి. అప్పుడు లేని చట్టం ఇప్పుడొచ్చిందా? నా తరఫున ఏదైనా చెయ్యమని మొదటిసారి నేనే అడుగుతుంటే గోడ చూస్తావా?"

పెళ్లికి పూలగుత్తితో వచ్చిన గేషె గారు ముందు వరుసలోంచి దగ్గారు. "ఓనో గారూ, మెడ కాస్త ఇటు తిరుగుతున్నట్టుంది."

"తొమ్మిదోది చూస్తున్నా," అన్నారు వీబ్కె గారు. "కంగారుపడకు తల్లీ, మంచివన్నీ చివర్లో ఉన్నట్టున్నాయి."

కేనో గడియారం చూసి, చెంచాను కప్పులో పెట్టాడు. ఆ చప్పుడు ఓనో గోడ దగ్గర్నుంచే విన్నాడు. కూతురు ఏడుస్తోందని వెనక్కి తిరగకుండానే తెలిసింది. అతను గోడవైపే నిలబడి, జేబులోంచి ఫోన్ తీసి, వీబ్కె గారి తరఫున పాత బ్రౌజర్‌నే నొక్కాడు.

"అయ్యో, పదోది సగంలో ఉన్నానే!" అన్నారు వీబ్కె గారు.

రిజిస్టరు తెరుచుకుంది. ఇష్టపడే చేసుకుంటున్నారా అని అడిగితే ఇద్దరూ వెంటనే ఔనన్నారు. (ఈ ఎంపికలో సంఘం జోక్యం చేసుకోలేదు.) కేనో సంతకం పెట్టి, పెళ్లికూతురిని ముద్దుపెట్టుకుని, రేవుకు పరుగెత్తాడు.

సోమవారం విచారణ జరిగింది. పెళ్లి చెల్లుతుంది, బ్రౌజర్ చెల్లదని తేల్చారు. చెల్లని బ్రౌజర్‌లో నమోదైన పెళ్లికి ధ్రువపత్రం మాత్రం, కార్యాలయంలో ప్రతి ఒక్కరూ మళ్లీ స్వేచ్ఛగా ఎంచుకున్నాకే ఇస్తారు. ఒకరి స్వేచ్ఛను వారి అనుమతి లేకుండా వాడుకున్నందుకు ఓనోకు హెచ్చరిక ఇచ్చారు. ఇకపై అతనూ అందరిలాగే తనది తాను ఎంచుకోవాలి.

కొద్ది రోజుల్లో దాదాపు అందరూ ఎంచుకున్నారు. అలవాటైందని అందరూ పాతదే నొక్కారు. వీబ్కె గారు పన్నెండూ చదివి మరీ పాతదే నొక్కారు.

ఇమ్కె ఫోన్ చేసింది. "నాన్నా, సర్టిఫికెట్ వచ్చిందా? బిడ్డ ఆగేలా లేదు."

"అయిపోవచ్చిందమ్మా. ఒక్కరు మిగిలారు."

"ఎవరా మహానుభావుడు?"

ఓనో ఫోన్ పెట్టేశాడు. పాతదే నొక్కుదామని వేలు చాపి ఆగిపోయాడు. నిజానికి దాన్ని తాను ఎంచుకున్నది ఎప్పుడు? తనకంటే ముందున్న నిర్వాహకుడు పెట్టి వెళ్లాడు, తాను అలాగే ఉంచాడు. పన్నెండింటినీ మొదటినుంచి చదివాడు.

"గేషె గారూ," అన్నాడు, ఎంపిక స్వేచ్ఛగా జరుగుతోందో లేదో చూడటానికి వచ్చి ఎదురుగా కూర్చున్న ఆవిడతో, "మీరైతే ఏది నొక్కేవారు?"

గేషె గారు లేచి, నిబంధన ప్రకారం గోడవైపు తిరిగి నిలబడ్డారు.