పెనుకొండలో ఒకపూట కాపురం

ఆ బుధవారం పొద్దున ధర్మవరంలో ప్యాసింజరెక్కి, పెనుకొండలో కొత్తగా తెరిచిన భారతీయ కట్టడాల మ్యూజియం చూసి, మధ్యాహ్నం భోజనానికి హిందూపురం చేరుకోవాలని యూనస్, ఫరీన్ అనుకున్నారు. వాళ్లకు పెళ్లయి పదహారు రోజులు. ఫరీన్ సంచిలో నీళ్ల సీసా, అరడజను బొరుగుల ఉండలు ఉన్నాయి.

మ్యూజియంలో రాష్ట్రానికొక ఇంటిని నిజమైన ఇల్లంత పెద్దదిగా కట్టారు. గేటు దగ్గర కాపలాదారు సుంకప్ప ముందే బతిమాలాడు.

"ఏదీ ముట్టుకోవద్దప్పా. పదకొండుకు ఆఫీసరొస్తాండాడు. ఆయప్ప బాగలేదని రాస్తే దీన్ని మూసేస్తారు, నా పని పోతాది."

యూనస్ చేతులు జేబుల్లో పెట్టుకొనే నడిచాడు. ఫరీన్ మాత్రం రాయలసీమ మట్టిమిద్దె కనబడగానే, ఎవరింటికి పోయినా చేసే పనే చేసింది. చెప్పులు గడప బయట విడిచి, లోపలికి పోయి మంచం మీద కూర్చుంది.

"ఏమండీ, మనకూ ఇట్లాంటి ఇల్లుంటే ఎంత బాగుంటాది."

"ముందు లెయ్. ఎవురైనా చూస్తారు."

చూడనే చూశారు. గుడిబండ నుంచి వచ్చిన ఆడవాళ్ల గుంపు మిగతా ఇండ్లన్నీ దర్జాగా తిరిగింది కానీ, ఇక్కడ చెప్పులు చూసి గడప బయటే ఆగిపోయింది. అందరికన్నా ముందున్న శంకరమ్మ గొంతు సవరించుకుంది.

"ఇంట్లో ఎవురుండారమ్మా? రోన్ని నీళ్లిస్తావా?"

గడపలోకొచ్చి నీళ్లడిగినవాళ్లకు లేదనడం ఫరీన్‌కు చేతకాలేదు. సీసా ఇచ్చింది. బొరుగుల ఉండలూ ఇచ్చింది. "రాండి, కూర్చోండి" అని కూడా అనేసింది.

ఇరవై జతల చెప్పులు పడ్డాయి.

"కొత్త కోడలివా? మీ అత్త యాడికి పోయింది?"

"హిందూపురంలో ఉండాది." ఫరీన్ చెప్పింది నిజమే.

"అందుకే పొద్దెక్కినా పొయ్యి ముట్టీలేదు" అంటూ శంకరమ్మ, చూడ్డానికని పేర్చిన కట్టెలే తీసి, చూడ్డానికని పెట్టిన పొయ్యిలో రాజేసింది.

పొగ చూసి సుంకప్ప పరుగెత్తుకొచ్చాడు. "నా కొంప ముంచితిరి కదప్పా." యూనస్ పొయ్యి ఆర్పబోయాడు. "మొగోనికి పొయ్యికాడ ఏం పని" అని శంకరమ్మ అతణ్ని బయటికి తోలింది. బయట ఆఫీసరు నిలబడి ఉన్నాడు.

ఆఫీసరు చెప్పుల కుప్ప చూశాడు. పొగ చూశాడు. తానూ బూట్లు విప్పి లోపలికొచ్చాడు.

"ఎన్నాళ్లుగా ఉంటున్నారమ్మా ఇక్కడ?"

"ఈ పొద్దే వచ్చినాం సార్" అంది ఫరీన్.

"కొత్త కాపురం సార్. సామాన్లింకా రాలేదు" అని శంకరమ్మ సర్దిచెప్పింది.

సుంకప్ప కళ్లు మూసుకున్నాడు. ఆఫీసరు చాలాసేపు రాసి, బూట్లు తొడుక్కొని వెళ్లిపోయాడు.

మ్యూజియం మూయలేదు. సుంకప్ప పనీ పోలేదు. నెల తర్వాత ఫరీన్ మళ్లీ వచ్చేసరికి మట్టిమిద్దె గడపకు అడ్డంగా తాడు కట్టి ఉంది.

"ఒక్క నిమిషం పోయొస్తా సుంకప్పన్నా."

"కుదరదు పాపా. ఆడ సంసారముండాది, బయటోళ్లను పోనీయద్దని ఆఫీసరు రాసిపోయినాడు."

ఫరీన్ తన కాపురాన్ని తాడు ఇవతల నుంచే చూసి వచ్చింది.