సుంకప్ప మొదటి సాలు

రాత్రి కురిసిన వానకు కుందుర్పి దగ్గరి ఆ పల్లెలో నేలంతా మెత్తబడింది. తెల్లవారగానే సుంకప్ప ఎద్దులకు గొర్రు కట్టి వేరుశనగ విత్తడానికి బయలుదేరాడు. వెనకే భార్య తిప్పమ్మ విత్తనాల మూటతో నడిచింది. ఎర్రనేలలో విత్తనానికి కావాల్సిన తడి పదును రెండు రోజులు నిలిస్తే గొప్ప. పైగా ఆ ఊరికో కట్టుబాటు ఉంది. సుంకప్ప ఇంటివాళ్లు మొదటి సాలు తోలితేగాని మరొకరు విత్తరు. వాళ్ల నాయన ముప్పై ఏళ్లు తోలి కన్నుమూశాడు. సుంకప్పకు ఇదే మొదటి ఏడు.

సుంకప్ప మంచివాడే. కానీ ఏ పనికైనా రెండో వైపు కూడా చూడాలంటాడు, చూశాక మొదటి వైపు మరిచిపోతాడు. దీన్ని పుస్తకాల్లో డోలాయమానం అంటారు, పత్రికల్లో ఊగిసలాట అంటారు. తిప్పమ్మ వాడే మాట మాత్రం ఇక్కడ రాయడానికి వీల్లేదు.

గట్టు మీద ఆగి సుంకప్ప పైకి చూశాడు. తడిమట్టి వాసన కమ్మగా ఉంది. తెల్లమబ్బులు తీరిగ్గా ఎటో పోతున్నాయి. చూస్తుండగానే అతని కళ్ల ముందు చేనంతా పచ్చగా అల్లుకుంది, అంతలోనే ఎండిపోయింది.

"తిప్పీ, కంది ఏస్తే ఎట్లుంటాది?"

"రాత్రంతా శనక్కాయే అంటివి గదయ్యా!"

"అంటిలే. మల్లా వాన రాకపోతే?"

కంది విత్తనం తెద్దామని ఎద్దులను ఇంటివైపు మళ్లించాడు. అదే కొంప ముంచింది. వెనకాల గొర్రులతో కాచుకున్న జనానికి గుండె జారిపోయింది.

"సుంకప్పన్న ఊరికే మల్లడప్పా! మబ్బులో ఏమో కనపడినాది," అన్నాడొకడు. పదహారు జతల ఎద్దులు వెనుదిరిగాయి.

సగం దారిలో కందికి ఆర్నెల్లు ఆగాలని సుంకప్పకు గుర్తొచ్చింది. మళ్లీ చేనివైపు తిరిగాడు. పదహారు జతలూ తిరిగాయి. ఇరుకు దారి, బురద. కాడిమాన్లు చిక్కుపడ్డాయి, మనుషులు తిట్టుకున్నారు. సుంకప్ప మూడోసారి తిరిగేసరికి ఒకడు బెళుగుప్పలోని బావమరిదికి ఫోన్ చేసి, "మా ఊర్లో ఆపేసినారు, మీరూ ఆపండి," అన్నాడు. అక్కడా గొర్రులు ఆగిపోయాయి.

పొద్దు నెత్తికెక్కింది. గాలి మొదలైంది. తిప్పమ్మ పిడికెడు మట్టి తీసి పిసికింది. ఉండ కట్టింది గానీ అంచులు రాలుతున్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

"యోవ్, పదును పోతాండాది! ఊరంతా నీ మొగమే చూస్తాండాది! ఈ ఏడు ఏం తిని బతకాల?"

"ఆలోచిస్తాండా గదే," అన్నాడు సుంకప్ప, మబ్బుల మీంచి చూపు తిప్పకుండా.

ఎద్దులకు విసుగొచ్చింది. చేతిలో పగ్గం వదులైనట్టు తెలియగానే అవి పక్కచేన్లోకి దిగి నడవసాగాయి. గొర్రు నేలలో దిగబడింది. సుంకప్ప కలలోలా దాని వెంట నడిచాడు. ఆ చేను అతని అక్క కొడుకు ఓబిలేష్‌ది. తిప్పమ్మ ఒక్క క్షణం ఆగింది. ఎవరి చేనైతేనేం, ముందు సాలు పడాలి! చప్పున గొర్రు మీది గిన్నెలో విత్తనం పోయడం మొదలుపెట్టింది.

"సాలు పడినాది!" అని ఊరంతా కేక వేసింది. అందరూ చేలకు పరుగెత్తారు. బెళుగుప్పకు మళ్లీ ఫోన్ పోయింది.

సుంకప్ప తేరుకుని చూస్తే తానున్నది మేనల్లుడి చేను. కానీ మొదటి సాలు పడిన చేను పూర్తి కాకుండా ఆ గొర్రు వేరే చేన్లో దిగకూడదు, అదీ కట్టుబాటే. సాయంత్రానికి మూట ఖాళీ అయింది. సొంత చేనికి గింజైనా మిగిలిందేమోనని అతను మూట దులిపి చూశాడు.

అప్పుడు ఓబిలేష్ నవ్వుతూ వచ్చాడు.

"మామా, నా చేన్లో నువ్వు తోల్తాంటే నేనేం జేయాల? నా గొర్రు తీసకపోయి నీ చేన్లో కంది ఏసినా. అత్తకు చెప్పే ఏసినాలే. ఇప్పుడు నా చేన్లోని శనక్కాయా, నీ చేన్లోని కందా, నీకు యా పంట కావాల్నో నువ్వే చెప్పు."

శనక్కాయ పీకే రోజు వచ్చినా సుంకప్ప ఇంకా చెప్పలేదు.