మేక కాలుల స్క్రూ ఎటువోయింది?

ఈ దేశంల ఏ వస్తువూ కాయితం లేకుండ ఉండొద్దు, కాయితం లేకుండ పోవద్దు. దేవుడు పిలిచినా పంచాయతీ సర్టిఫికెట్ వచ్చేదాకా పోయినట్టు కాదు (ఇల్లందుల మా మరిది జకర్యా సమాధి అయినంక గూడ మూడు నెలలు గట్లనే బతికి ఉన్నడు).

గీ సంగతి మా మనవరాలు ఆరాధనకు తెల్వదు. ఖమ్మంల సర్కారు ప్రయోగశాలల మగ్నీషియంతోని స్క్రూలు చేస్తది. విరిగిన ఎముకను పట్టుకొని, అతికినంక ఒంట్లనే కరిగిపోతయి. మళ్ళ కోసి తీసే పని లేదు. పదకొండేండ్ల కింద దమ్మపేటల బస్సు దిగుతుంటే నా కాలు విరిగి స్టీలు ప్లేటు ఏసిన్రు. తీయాలంటే మళ్ళ కొయ్యాలన్నరు, నేను వద్దన్న. చలికాలమంత నా మూలుగు వినుకుంట పెరిగిన పిల్ల. ఇంకెవ్వరు రెండుసార్లు కోయించుకోవద్దని దాని పంతం.

ముందు జీవాల మీద చూడాలంటే, కాలు విరిగిన మా నల్లమేకనే ఇచ్చిన. ఏడాదికి ఎముక అతికింది, స్క్రూ కరిగింది. ఇగ మనుషులకు ఏసేటందుకు అనుమతి కావాలె. దానికి వస్తు ఉనికి నిర్ధారణ అధికారి రవీందర్ సారు ప్రయోగశాలకు వచ్చిండు; మేకను తోలుకొని నేను గూడ వోయిన. మేక ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూసిండు.

"స్క్రూ ఏది?"

"కరిగింది సార్," అన్నది ఆరాధన.

"ఎవర్నడిగి?"

"కరగాల్ననే చేసినం సార్. అదే మా పరిశోధన."

"సర్కారు సొత్తు మాయం చేసుడు పరిశోధనా?"

సారు నిబంధన పద్నాలుగు సదివిండు: వాడిన వస్తువును వాడకముందు ఉన్నట్టే చూపాలె, కరిగినా, అరిగినా, మేక తిన్నా చెల్లదు. ("మేక తిన్నా" అని నిజంగనే ఉంది. ఇంతకుముందు ఏం జరిగిందో నేను అడగలే.)

నేను ఊకోలే. "సారూ, మేకను నడిపిచ్చి చూడు."

"నడక మా శాఖ కాదమ్మా. అవ్‌గని, నువ్వెందుకు కుంటుతున్నవ్?"

దవాఖానల మొన్న తీసిన నా ఎక్స్‌రే సంచిల ఉంటే ఇచ్చిన. సారు వేలు పెట్టి లెక్కవెట్టిండు.

"ప్లేటు ఒకటి, స్క్రూలు ఆరు. ఏసినప్పుడెన్ని?"

"ఆరే."

"పదకొండేండ్లకు ఒక్కటి తగ్గలే!" సారు కుర్చీల నుంచి లేచి నిలబడ్డడు. "చూడమ్మా ఆరాధనా, పరిశోధనంటే గిది. గిసొంటిది చేసుకరా, సంతకం పెడత."

పిల్ల నా మొకం దిక్కు చూడలే.

కాయితాలు జల్దీనే ఇచ్చిన్రు. మేక: విఫలం. నేను: సఫలం.

విఫలమైన మేక ప్రహరీ గోడ దూకి రోడ్డెంబడి ఉరికింది. సఫలమైన నేను మెట్లు దిగుతున్న, ఇంకా నాలుగున్నయి.